జంపఖానాల వ్యానులో అత్తమ్మ

మా అత్తమ్మ మా వెంట వ్యానెక్కింది షికారు కోసం కాదు, నన్ను ఫెయిల్ చెయ్యడానికి. ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు. ముందు సీట్లో కూర్చుని కొంగు నడుముకు బిగిస్తూ, "చూస్త గదా, రెండు దినాలల్ల నీ ముచ్చట తీరుతది పిల్లా" అన్నది. వెనక జంపఖానాల కట్టల మీద కూర్చున్న నేను బుద్ధిగా తల ఊపాను. లోపల మాత్రం ఎగిరి గంతెయ్యాలని ఉంది. పరీక్షయితే పరీక్ష, వ్యాను కదిలింది, అది చాలు.

ఇది అరవైల మొదట్లో మాట. ఆ ఎండాకాలంలోనే నాకు పెళ్ళయింది. మా పుట్టిల్లు కాశిబుగ్గలో, చీరలూ పంచెలూ నేసే ఇల్లు. అత్తవారిది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. రెండిళ్ళవాళ్ళమూ ఒకే చర్చికి పోయేవాళ్ళం, ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. అయినా మా అత్తమ్మ లెక్కలో సన్న నూలు నేసేవాళ్ళంటే ఒట్టి సుకుమారులు, ఎండ తగిలితే కందిపోతారు, పని చెబితే వాడిపోతారు. నేనేమో పుట్టిన దగ్గర్నుంచీ గంజి కుండల మధ్య పెరిగినదాన్ని. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం అప్పటికింకా రాలేదు.

ఇంట్లో నేసినవన్నీ వ్యానులో వేసుకుని ఊరూరి అంగళ్ళలో అమ్ముకొచ్చేది మా ఆయనే. నెలలో సగానికి పైగా ఆయన బయటే ఉండేవాడు. ఇంటికి వచ్చినా లాభం లేదు. ఇంటి నిండా మగ్గాలు, మగ్గాల నిండా మనుషులు. కొత్త దంపతులం మేము ఒకరితో ఒకరం చెప్పుకున్నదల్లా "కూర ఇంకొంచెం వెయ్యనా", "చాలు" అన్న రెండు మాటలే. ఒకరోజు ఆ కూర వడ్డిస్తూనే నేను నోరు జారాను. జారలేదు లెండి, నాలుగు రోజులుగా మనసులో అనుకుని అనుకుని మామయ్య ముందే అనేశాను.

"నేను గూడ వ్యానుల పోత అత్తమ్మ. ఆయనకు వండిపెడ్త. ఆడోళ్ళకు జంపఖానాలు పరిచి చూపిస్త."

పంజా చప్పుడు ఆగిపోయింది. పంజా అంటే జంపఖానా నేసేటప్పుడు పోగుల్ని కిందికి కొట్టే ఇనుప దువ్వెన. కొత్తవాడలో ఆ చప్పుడు ఆగిందంటే ఎవరింట్లోనో ఏదో అయిందని అర్థం.

"ఆడది వ్యానుల ఏడ పండుకుంటది? ఏడ తానం జేస్తది? చర్చిల నలుగురు ఏమనుకుంటరు?" అని అత్తమ్మ ఒక్క గుక్కలో అడిగింది.

మా మామయ్య ఒకప్పుడు ఎడ్లబండి మీద జంపఖానాలు వేసుకుని అడవుల దాకా తిరిగిన మనిషి. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాక బండి మానేసి కొడుక్కు వ్యాను కొనిచ్చాడు. ఆయన ముద్ద మింగి, నిదానంగా అన్నాడు.

"కూసొని వాదులాడుడెందుకే? క్రిస్మస్‌కు ఇంక దినాలున్నయ్. నువ్వు గూడ ఒక తాప పోయి చూసి రా. పిల్ల వ్యానుల ఉండగలదా లేదా నీ కండ్లతోని చూడు. వచ్చినంక నువ్వేమంటె అదే."

అలా నా బతుకంతా అత్తమ్మ నోట్లో మాటయి కూర్చుంది. సరే అంటే ఆయన వెంట ఊళ్ళు తిరుగుతాను. వద్దంటే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకుంటూ, వ్యాను చప్పుడు ఎప్పుడు వినపడుతుందా అని సందు వైపు చెవి పెట్టుకుని ఉండాలి. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి లేదు.

ఆ వ్యాను మిలిటరీవాళ్ళు వదిలించుకున్న పాత బండి. మా ఆయన లోపల రెండువైపులా చెక్క అరలు కొట్టించాడు. పగలు అరల నిండా సరుకు, రాత్రి ఆ సరుకే పరుపు. కిరసనాయిలు స్టవ్వు, నీళ్ళ డబ్బా, పప్పుల డబ్బాలు, లాంతరు, అన్నిటికీ మేకులూ తాళ్ళూ. ఎర్రవీ పచ్చవీ నల్లవీ చారల జంపఖానాల మధ్య ఆ ఇంత చోటు నాకు నిజాం నవాబు మహలు కంటే గొప్పగా కనపడింది. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో నేను అప్పటికే నిద్రలో కూడా సర్దుకుంటూ ఉన్నాను.

అరల పైన ఇంకో వస్తువు ఉంది, ఒక గాలం కర్ర. మిషను బంగళాలో ఉండిన దొర తన దేశం పోతూ పోతూ, బంగళాకు జంపఖానాలు నేసిచ్చాడన్న అభిమానంతో మామయ్యకు ఇచ్చిపోయాడట. ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించే వెదురు కర్ర, దానికో చిన్న చక్రం, చక్రం నిండా మైనం పూసిన దారం. దాని సంగతి విచిత్రం. ఎర్ర పురుగు గుచ్చడం ఉండదు. గాలానికి ఈకలు కట్టి ఈగలాగా తయారుచేసి, నీళ్ళ మీద అలా అలా విసరాలి. చేప నిజం ఈగే అనుకుని ఎగిరి పట్టుకుంటుందట. ఆ దొర కాంపౌండులో గడ్డి మీద నిలబడి, చుక్క నీళ్ళు లేని చోట దారం విసురుతుంటే, దొరకు ఎండ దెబ్బ తగిలిందని అందరూ జాలిపడ్డారట. మా ఆయన మాత్రం గోడ ఎక్కి చూసి నేర్చేసుకున్నాడట. ఆ మాట ఆయన చెప్పినదే, వేరే సాక్షులు లేరు.

ప్రయాణానికి ముందు రోజు ఆ విద్య సందులో ప్రదర్శించాడు. కర్ర వెనక్కి లేపాడు, ముందుకు విసిరాడు. దారం ముందుకు రాలేదు. వెనక ఎదురింటి ముసలామె రంగు అద్ది ఆరేసుకున్న చిలపకు, అంటే నూలు పోగుల కట్టకు, గాలం తగులుకుంది. ఈయన అది తెలియక ఇంకా బలంగా లాగాడు. తడి తడి ఎర్ర చిలప సందంతా ఎగిరి వచ్చి అత్తమ్మ వీపు మీద పడింది. ఎదురింటామె చేట పట్టుకుని బయటికొచ్చింది. నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను, నడుము నొప్పి పుట్టేదాకా.

పరకాల అంగడిలో మొదటి పరీక్ష. నేను జంపఖానాలు పరిచి, తిప్పి, అంచులు చూపించి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాను. బాగానే అమ్మాను. అత్తమ్మ నాపరాయి మీద కూర్చుని చూసి, "మాట్లాడుడు వచ్చు. మాట్లాడుడెవలికి రాదు?" అన్నది. సాయంత్రం మా ఆయన వ్యాను వెనక తలుపులు తెరిచి, చుట్టూ నాలుగు జంపఖానాలు వేలాడదీసి స్నానానికి గదిలాగా కట్టాడు. అత్తమ్మ వేడినీళ్ళ బకెట్టుతో లోపలికి పోయి, ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక ఆ స్నానాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పడక విషయంలో మాత్రం తీర్పు అక్కడికక్కడే ఇచ్చేసింది. ఆమే నేనూ వ్యాను లోపల. మా ఆయన వ్యాను పైన. ఆయన పైన అటు దొర్లితే రేకు డబ్బుమనేది, ఇటు దొర్లితే డబ్బుమనేది. ఆ చప్పుడంతా నాకోసమే అనిపించి నవ్వు ఆగేది కాదు.

"ఎందుకు నవ్వుతానవ్?"

"ఏం లేదత్తమ్మ."

"ఏం లేకుంటె పండుకో. వానికి గూడ చెప్పు, ఇనుము ఇరుగుతదని."

పరకాల నుంచి ములుగు దిక్కు తిరిగి, తాడ్వాయి గుట్టల్లోకి ఎక్కేసరికి నాకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు. రోడ్డుకు రెండుపక్కలా టేకు చెట్లు, మంచు ఇంకా విడని గుట్టలు, ప్రతి మలుపులో రాళ్ళ మీదుగా గలగలా దూకే సన్నటి వాగు. మగ్గం గుంతలూ గోడలూ తప్ప చూడని కళ్ళకు ఇదంతా ఒక్కసారిగా పెడితే ఏమవుతుంది? నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి, కనపడ్డ ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలిచాను. నెమలి, అత్తమ్మా నెమలి. కోతులు, అత్తమ్మా కోతులు. ఆమె, "కండ్లున్నయ్ పిల్లా నాకు" అన్నది గానీ, తల మాత్రం నేను చూపించిన వైపల్లా తిప్పింది.

వాగు వెడల్పయి, పెద్ద బండల మధ్య మడుగు కట్టిన చోట వ్యాను ఆపాం. మా ఆయన చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గాలం కర్ర దించుకుని, దొర ఇచ్చిన ఈకల డబ్బా మూత తీశాడు. ఈకలన్నీ పురుగులు తినేశాయి. లోపల మిగిలింది వట్టి ఇనుప కొక్కేలు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఇగో, జర ఆగుండ్రి. నేను కడ్త" అన్నాను.

పరకాలలో వండిన కోడి ఈకలు కొన్ని ముచ్చటపడి దాచుకున్నాను. ఎర్ర నూలు, నల్ల నూలు ఎలాగూ వ్యాను నిండా ఉంది. కొక్కెం మీద ఈక పెట్టి, నూలు చుట్టి, ముడి వేశాను. దారం చివర్లు పీచులేచి నిలబడ్డాయి. నూలు పీచులేస్తే కాశిబుగ్గ పిల్ల చెయ్యి ఏం చేస్తుంది? ఆలోచించకుండానే అన్నం వార్చిన గంజిలో ముంచి, వేళ్ళతో సన్నగా సాగదీసి, వ్యాను ముందు రేకు మీద ఎండకు ఆరబెట్టాను. ఒకసారి ఆరాక ఇంకోసారి ముంచాను. మా అమ్మ పడుగు నూలుకు అలాగే పెట్టేది.

అత్తమ్మ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంది? గాలానికి గంజి పెట్టినవా? నీళ్ళల్ల ఏసేదానికి గంజెందుకే? రేపు ఇస్త్రీ గూడ జేస్తవా?"

నా ముఖం మాడిపోయింది. నిజమే కదా, ఎవరైనా నవ్వుతారు. ఆ పొద్దు దాకా నేను ఏ తప్పూ చెయ్యలేదు, ఇంత జాగ్రత్తగా ఉండి, చివరికి గంజి దగ్గర దొరికిపోయాను. అరచేతిలో పెట్టుకున్న ఈకల ఈగను విసిరి పారేద్దామనుకున్నాను. మా ఆయన దాన్ని లాక్కుని దారానికి కట్టాడు.

మొదటి విసురుకు అది వెనక చెట్టెక్కింది. రెండోసారి ఆయన టోపీ ఎగిరి వాగులో పడి, మేము చూస్తుండగానే సంతోషంగా వెళ్ళిపోయింది. మూడోసారి గాలం పోయి అత్తమ్మ కొంగుకు తగులుకుంది. ఆమె గాలం విడదీసుకుంటూ, "ఇటు తే. నీతోని కాదు గని" అని కర్ర గుంజుకుంది. విసరడం ఆమెకూ రాదు. అందుకే విసరలేదు. బండ మీద వంగి, కర్ర చాపి, చెంబులో నీళ్ళు వంపినట్టు ఆ ఈగను మడుగు మీద నెమ్మదిగా దించింది.

గంజి పట్టి బిరుసెక్కిన ఈగ మునగలేదు, తేలింది. అంతకంటే చిత్రం, కాసేపటికి గంజి నానడం మొదలయింది. ఈగ చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లగా పరుచుకుంది. ఎక్కడెక్కడివో చిన్న చిన్న పరక చేపలు పరుగెత్తుకొచ్చి ఆ తెల్లదనాన్ని నాకసాగాయి. మేము ముగ్గురం వంగి చూశాం. పరకలు చప్పున చెదిరిపోయాయి. బండ కింద నుంచి నల్లగా ఒకటి కదిలింది.

తర్వాత జరిగింది నేను సరిగ్గా వరసలో చెప్పలేను. నీళ్ళు ఎగిరాయి, చక్రం కిర్రుమంది, అత్తమ్మ బండ మీద నుంచి జారి నడుము లోతు నీళ్ళలో కూర్చుండిపోయింది. కర్ర మాత్రం వదల్లేదు. "వదిలిపెట్టమ్మా" అని ఆయన అరిస్తే, "వదిలిపెడితె నీ అయ్యకేం చూపియ్యాలె" అన్నది. నేను వ్యాను దగ్గరికి పరుగెత్తి చేతికందింది లాగాను. అది అమ్మకానికి పెట్టిన కొత్త జంపఖానా. ఆయన ఒక కొస, నేనొక కొస పట్టుకుని నీళ్ళలోకి దిగి, చేప కిందుగా పోనిచ్చి పైకెత్తాం. మోచెయ్యంత కొర్రమట్ట. జంపఖానా మీద ఎర్ర చారకూ పచ్చ చారకూ మధ్య పడి తోక కొట్టుకుంటోంది. మా ఆయనా నేనూ పెళ్ళయ్యాక మొదటిసారి అంత దగ్గరగా, తడిసి ముద్దయి, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతలో నీళ్ళలోంచి ఒక చప్పుడు వినపడింది. దెబ్బ తగిలిందేమోనని అటు తిరిగాను. అత్తమ్మ నవ్వుతోంది. ఆ ఇంట్లో నేను అడుగుపెట్టాక ఆ నవ్వు ఎన్నడూ వినలేదు. నీళ్ళలో కూర్చునే, కళ్ళు తుడుచుకుంటూ, ఆగలేక నవ్వుతోంది.

మూడు రాళ్ళ మీద చింతపండు పులుసు పెట్టాను. అత్తమ్మ ప్రార్థన చేసింది. ఎప్పుడూ ఇంట్లోవాళ్ళందరినీ పేరు పేరునా అప్పజెప్పే మనిషి, ఆ పూట చేపకు స్తోత్రం చెప్పి ఆమెన్ అనేసింది. పులుసు బాగుందనలేదు. ఇంకొంచెం వెయ్యమన్నది.

మర్నాటి నుంచి నాకు ఈకల ఈగలు కట్టడమే పని. "గంజి బాగ పట్టియ్యి" అని తనే చెప్పేది. ఆదివారం వచ్చింది. వ్యాను ముందు జంపఖానా పరిచి ఆరాధన చేసుకున్నాం, నేను పాట పాడాను. అయిపోయాక అత్తమ్మ వాగు వైపు చూసింది, మా వైపు చూసింది.

"ఆదివారం పని జెయ్యద్దు" అన్నాడు మా ఆయన, కావాలనే.

"ప్రభువు పిలిచింది జాలరోళ్ళనే గద. గిది పనెట్లయితది?" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె బండల చాటుకు పోయాక, మా ఇద్దరికీ ఆ పూటంతా ఎవరూ లేరు. ఏం మాట్లాడుకున్నామో చెప్పను. మాట్లాడుకున్నాం, అంతే. ఆ వాగు ఒడ్డున నేను ఉన్నంత సంతోషంగా ఆ ఏడు వరంగల్ జిల్లాలో ఇంకెవరూ ఉండి ఉండరు.

చివరి మజిలీ ఏటూరునాగారం దగ్గర గోదావరి. ఇసుక తిన్నెల మీద నడిచి నీళ్ళ దగ్గరికి పోయాం. అత్తమ్మ చెప్పులు విప్పి, పాదాలు తడవనిచ్చి, అవతలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"మీ మామ బండి తోలినన్ని దినాలు, ఇంటికొచ్చి గోదారి ముచ్చటే చెప్పేటోడు. గింత ఎడల్పు, గింత ఇసుక అని. నేను కండెలు చుట్టుకుంట ఇంటుంటి" అన్నది. కొంచెం ఆగి, "గింత దగ్గర్నే ఉన్నదా ఇది" అని తనలో తను అనుకున్నది.

తిరుగు దారిలో ఆమె ముందు సీట్లో కొంగు బిగించుకుని కూర్చుంది. నేను వెనక కూర్చుని ఆమె జడముడి చూస్తూ వచ్చాను. చేప పట్టినంత మాత్రాన కోడల్ని పంపాలని ఎక్కడా లేదు. గంజి సంగతి ఇంట్లో చెబుతుందా, కూర బాగా లేదంటుందా, పొద్దున లేవడం ఆలస్యం చేశానంటుందా? కొత్తవాడ దగ్గరయ్యే కొద్దీ నా ఉత్సాహమంతా కారిపోయింది. సందు మొదట్లోనే పంజాల చప్పుడు వినపడింది. అదే నా తీర్పు అనుకున్నాను.

మామయ్య గడపలోనే కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళు తాగనిచ్చి అడిగాడు.

"ఎట్లున్నది మరి? ఉండగలదా?"

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన వ్యాను తాళం చేతిలో తిప్పుతున్నాడు. అత్తమ్మ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, వేరే అడిగింది.

"నువ్వు గన్ని ఏండ్లు పోయినవ్. నన్నొక్కనాడు రమ్మనకపోతివి."

మామయ్య బిత్తరపోయాడు. ఆయన ముఖంలో కోపం లేదు, తప్పించుకోవడమూ లేదు. నిజంగానే ఎన్నడూ తట్టని సంగతి విన్న మనిషిలాగా ఉన్నాడు.

"నువ్వు వస్తనంటివా ఎన్నడన్న?"

"అంటె తోలుకపోతుంటివా?"

ఆయన ఆలోచించాడు. గడ్డం గోక్కున్నాడు. అబద్ధం ఆడే మనిషి కాదు.

"తోలుకపోతుంటి. బండిల జాగ ఉంటుండె" అన్నాడు.

అత్తమ్మ అక్కడే, గడప పక్కన, నేల మీద కూర్చుండిపోయింది. ఆయన కాదంటే ఆమె పోట్లాడేది, నాకు తెలుసు, దానికి సిద్ధమై వచ్చింది కూడా. అవునంటాడని అనుకోలేదు. చాలాసేపు పాదాలకంటిన గోదావరి ఇసుక దులుపుకుంది.

"అడగచ్చని నాకు తెల్వకపాయె" అన్నది చివరికి. తల ఎత్తి నా వైపు చూసింది. "నీకు తెలిసింది. నువ్వు పో బిడ్డా."

ఆ మాట కోసం నేను వారం రోజులుగా ఊపిరి బిగబట్టి ఉన్నాను. వినగానే సందంతా వినపడేలా నవ్వుతాననుకున్నాను. ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.